గాలిలో ఆగిన సుత్తి

మా ఆటలో గాయపడ్డ వీరుడికి గడ్డి పెట్టాలి. వీపు రుద్దాలి, చల్లటి నీళ్లు తాగించాలి, డెక్కలు శుభ్రం చేయాలి. ఇవన్నీ చేస్తే తెల్లారేసరికి కత్తిపోట్లయినా, విరిగిన ఎముకలైనా మచ్చ లేకుండా మానిపోతాయి. నవ్వించడానికి చెప్పడం లేదు. మా రూల్సు పుస్తకంలో అలాగే ఉండేది.

తప్పు పుస్తకం రాసినవాళ్లది కాదు, బైండింగుది. వేలం మావయ్య బావమరిది ఒక ప్రెస్సులో బైండింగు చేస్తాడు. మేమంతా ఆయన్ని ప్రెస్సు బాబాయ్ అనేవాళ్లం. అక్కడ పేజీలు తారుమారై పక్కన పడేసిన పుస్తకాన్ని ఒకదాన్ని ఆయన ఇంటికి పట్టుకొచ్చాడు. అందులో 'గాయాలు, చికిత్స' అధ్యాయం సగంలో తెగిపోయి 'గుర్రాల పోషణ' సగంలోంచి మొదలవుతుంది. కొన్ని పేజీలు అసలే లేవు. పూర్తి పుస్తకం కొందామని నేను చాలాసార్లు అన్నాను. వేలం మావయ్య ఒప్పుకోలేదు.

"మన చేతికి వచ్చిన సరుకు ఇది అమ్మాయ్. దీన్నే పాట పాడుకోవాలి" అనేవారు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బల్ల చుట్టూ కూర్చుని ఆడతాం. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర. ఫలానా పని చేస్తున్నానని నోటితో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు, చిన్నది పడితే జరగనట్టు. కథ నడిపేది వేలం మావయ్య. శత్రువులు, సత్రాలవాళ్లు, దారిలో ఎదురయ్యే ముసలమ్మలు, వాళ్ల గొంతులన్నీ ఆయనవే. ప్రెస్సు బాబాయ్ దొంగ. కారు నడపడం నేర్పే డ్రైవింగ్ అక్క సైనికురాలు. పై అంతస్తులో అద్దెకుండే నేను వైద్యురాలిని. అంటే గడ్డి పెట్టేదాన్ని.

నేను నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. రోజంతా కొలతలతో గడిపి వచ్చినదానికి ఆ పుస్తకం ఒంటికి కారం రాసినట్టుండేది. దీపం వెలుగు ముప్పై అడుగుల దాకా పట్టపగలులా ఉండి, ఆ తర్వాత అడుగు వేస్తే కటిక చీకటి. ఇనప్పెట్టె మోస్తూ కొండెక్కే మనిషి, దాని మీద ఇంకో దుప్పటి వేస్తే కదల్లేడు. ప్రాణం ఒక్క పాయింటు మిగిలినవాడు, అప్పుడే నిద్ర లేచి వచ్చినవాడంత జోరుగా కత్తి తిప్పుతాడు. ఆ ఒక్కటీ పోయాక కూలిపోతాడు. మధ్యలో నొప్పి, నీరసం లాంటివేమీ లేవు.

"ఇదెక్కడి లెక్క మావయ్యా? ఒంట్లో బాగా లేకపోతే బాగా లేనట్టు కనిపించాలిగా!"

"కనిపించకుండా నెట్టుకొచ్చేవాళ్లు నీకు తెలీదులే" అన్నారు ఆయన.

కూరగాయల హోల్‌సేల్ మార్కెట్‌లో వేలం వేయడం ఆయన వృత్తి. తెల్లవారకముందే లారీలు వస్తాయి. రేకుల షెడ్డు కింద క్యాబేజీ గుట్టలు, బంగాళదుంప బస్తాలు, నలిగిన ఆకుల తడి వాసన, జారిపోయే నేల. బోర్లించిన చెక్కపెట్టె మీద ఈయన నిలబడతారు, చేతిలో చిన్న చెక్క సుత్తి. కేకలు, తోపుడుబళ్ల చప్పుడు, తూకాల దగ్గర తగువులు, అన్నింటి మీదుగా ఆయన గొంతు షెడ్డు చివరి దాకా వెళ్లాలి. "ఒకటోసారి... రెండోసారి..." అని లాగి, కాస్త ఆగి, "మూడోసారి!" అని సుత్తి కొడితే ఇక దేవుడు దిగొచ్చినా ఆ పాట మారదు.

ఆయన పెట్టె దగ్గర ఒక పద్ధతి ఉండేది. తల ఊపినా, కన్ను కొట్టినా, వేలెత్తినా చెల్లదు. ఆయన కొత్తలో ఎవరో ఈగను తోలుకుంటే పాట పెంచాడనుకుని లారీడు క్యాబేజీ అతని నెత్తిన పెట్టారట. ఆ గొడవ తీరేసరికి క్యాబేజీ కుళ్లిపోయిందట. అప్పటినుంచి ఒకటే మాట: "నోటితో అను. అననిది జరగనట్టే."

ఆ పద్ధతే మా బల్ల దగ్గరికీ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ముందుగదిలో ఆడేవాళ్లం. బల్ల అంటే రెండు చెక్కపెట్టెల మీద పడుకోబెట్టిన పాత తలుపు. పిడి ఊడిపోయిన చోట కన్నం ఉంది. పాచిక దొర్లుకుంటూ వెళ్లి అందులోంచి కింద పడితే మళ్లీ వేయాలి. సైగ చేస్తే చెల్లదు, కాగితం మీద రాసి చూపిస్తే చెల్లదు. పాచిక వేసే ముందు ఏం చేస్తున్నామో నోటితో చెప్పాలి. ఒకసారి డ్రైవింగ్ అక్కకి జలుబుతో గొంతు పట్టేస్తే ఆమె సైనికురాలు మధ్యాహ్నమంతా నదిలో మెడలోతు నీళ్లల్లో అలాగే నిలబడిపోయింది.

"మావయ్యగారూ, జాలి లేదా మీకు?" అని మర్నాడు గొంతు వచ్చాక తిట్టిపోసింది.

"నాకుంది, రూలుకి లేదు."

అన్నింటికంటే నన్ను కాల్చుకు తినేది ఇంకొకటి. పుస్తకంలో ఒక పేజీ అడుగున 'మాటకు సమయం పట్టదు' అని ఉంది. ఆ తర్వాతి పేజీ లేదు. ఏదో మినహాయింపు ఆ లేని పేజీలో ఉండే ఉంటుందని నా వాదన. దొరికినంత వరకే రూలని ఆయన వాదన. దాంతో మా యుద్ధాలు వింతగా ఉండేవి. బాణం విల్లు నుంచి వదిలాక, అది గుండెకు తగిలే లోపల, ప్రెస్సు బాబాయ్ దొంగ నిలబడి శత్రువుతో బేరమాడేవాడు, క్షమాపణ చెప్పేవాడు, చిన్నప్పటి కష్టాలు ఏకరువు పెట్టేవాడు. బాణం పాపం గాలిలో ఎదురుచూసేది.

"మాటంటే గాలిలో కదలిక. కదలికకి సమయం పట్టకపోవడమేంటి?" అని నేను ఒంటికాలి మీద లేచేదాన్ని.

"ల్యాబులో పడుతుందేమో. నా పెట్టె మీద రెండోసారికీ మూడోసారికీ మధ్య మనుషులు ఎంత మాట్లాడుకుంటారో వచ్చి చూడు."

ఇంత మాట్లాడే మనిషి ఇంట్లో మాట్లాడరు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మార్కెట్ నుంచి వచ్చాక ఆయన ఉప్పునీళ్లు పుక్కిలించి, మెడకు తువ్వాలు చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవారు. అత్తయ్య ఏదైనా అడిగితే తల ఊపేవారు. మరుసటి రోజు పాటకి గొంతు దాచుకోవాలి. మర్నాడు సెలవు కాబట్టి కాదు, సోమవారం సరుకు తక్కువ వస్తుంది కాబట్టి, ఆదివారం ఒక్కరోజు కాస్త ఖర్చు పెట్టుకునేవారు. ఆ ఖర్చంతా మా బల్ల దగ్గరే.

అత్తయ్య ఆడేది కాదు. "కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి పాచికలెందుకర్రా?" అని వెక్కిరించేది. కానీ ఆదివారం మధ్యాహ్నం వంటింటి పనులన్నీ గుమ్మం దగ్గరికి వచ్చేవి. బఠాణీలు అక్కడే ఒలిచేది, గుండీలు అక్కడే కుట్టేది. మా పాప పాకుతూ వెళ్తే ఒళ్లో పెట్టుకునేది. పాచిక ఎక్కడ మింగుతుందోనని నాకు ప్రాణం గుప్పిట్లో ఉండేది. అత్తయ్య మాత్రం చేతులు పాప చుట్టూ, చెవులు బల్ల వైపూ పెట్టుకుని కూర్చునేది.

ఆయనకు వచ్చిన జబ్బును ముందు పట్టుకున్నది కూడా ఆ చెవులే.

కథలో ఒక సత్రం ఉండేది. దాన్ని నడిపే ఆవిడ గొంతు సన్నగా, సాగదీసినట్టు ఉండేది. మావయ్య ఆ గొంతు పెట్టగానే మాకు నవ్వాగేది కాదు. ఒక ఆదివారం మేం మళ్లీ ఆ సత్రానికి వెళ్తే, ఆవిడ పోయిందనీ, ఇప్పుడు వాళ్ల అన్న నడుపుతున్నాడనీ బొంగురు గొంతుతో చెప్పారు. మేం అయ్యో అనుకుని ముందుకు వెళ్లిపోయాం.

గుమ్మం దగ్గర్నుంచి అత్తయ్య అడిగింది. "ఆవిడని ఎందుకు చంపేశారు?"

"కథలో పోయిందే."

"కథలో కాదు. ఆ గొంతు రావడం లేదు కదూ మీకు?"

వేలం వేసేవాడికి గొంతు బొంగురుపోవడం మామూలే కాబట్టి మార్కెట్‌లో ఎవరూ పట్టించుకోలేదు, ఆయనా పట్టించుకోలేదు. అత్తయ్య మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం నన్ను చదివి చెప్పమన్నారు. సైన్సు చదివినదాన్ని కదా. చదివాను. ఆ వారమంతా పాప దగ్గినప్పుడల్లా టార్చి వేసి దాని గొంతులోకి చూస్తూనే ఉన్నాను.

స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టరు. ప్రాణం నిలుస్తుంది. ఊపిరికి మెడ కింద రంధ్రం పెడతారు. మాట మాత్రం ఉండదు.

ఇంటికొచ్చాక ఆయన ఆపరేషన్ గురించి ఒక్క మాట అడగలేదు. ప్రెస్సు బాబాయ్‌తో మాత్రం, "వచ్చే ఆదివారం అందరినీ రమ్మను. కథ చివర్లో ఉంది, వదిలేస్తే బాగోదు" అన్నారు. గొంతు పోతే ఆయన చెక్కపెట్టె పోతుంది, ఈ బల్ల పోతుంది. గుమ్మం దగ్గర కూర్చునే ఆవిడకి వారానికొక్కసారి వినిపించే మనిషి పోతాడు. ఈ సంగతి మా నలుగురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు.

ఆ ఆదివారం కథ నదీముఖద్వారానికి చేరింది. అక్కడ ఒక రాతిభూతం కాపలా. మమ్మల్ని మొదటినుంచీ నది మీద తీసుకొచ్చిన పడవాయన ఒకడున్నాడు. ఆయన మా పాత్ర కాదు, మావయ్య పాత్ర. పెద్ద వీరుడేమీ కాదు, తెడ్డు వేస్తాడు, చలికి విసుక్కుంటాడు. బల్ల మీద ఆయన గుర్తు అత్తయ్య డబ్బాలోంచి తీసిన ఒక నల్ల గుండీ. మా వంతులన్నీ అయిపోయాయి. మమ్మల్ని ఒడ్డుకు చేర్చి ఆయన ఒక్కడూ పడవలో మిగిలాడు. వంతు భూతానిది.

మావయ్య పాచిక చేతిలోకి తీసుకున్నారు. గొంతులోంచి గీరినట్టు వస్తోంది మాట. "భూతం సుత్తి ఎత్తింది. పడవాయన నెత్తి మీదికి దించుతోంది."

పెద్ద అంకె పడితే పడవాయన పోతాడు. పాచిక అరచేతిలో కదులుతోంది.

"ఆగు బావా!" అన్నాడు ప్రెస్సు బాబాయ్. "మాటకి సమయం పట్టదు కదా? పడవాయనతో నాకో మాటుంది."

మావయ్య ఆయన వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు, నేను అభ్యంతరం చెబుతానేమోనని. నేను తల దించుకున్నాను.

"అడుగు" అన్నారు పడవాయన గొంతుతో.

"నీ పడవకి పేరెందుకు పెట్టలేదు?"

"పేరు పెడితే పిలవాలి. పిలిస్తే గొంతు ఖర్చు."

"ఇప్పుడు నా వంతు" అంది డ్రైవింగ్ అక్క. "పడవాయనా, ఇన్నేళ్లు తెడ్డేశావు, ఎప్పుడైనా పడవని దేనికైనా గుద్దావా? నిజం చెప్పు, నా దగ్గర అందరూ అబద్ధమే చెబుతారు."

"ఒడ్డుని గుద్దాను. ఒడ్డే అడ్డం వచ్చింది."

"అబ్బ, మా స్టూడెంట్లు కూడా అదే అంటారు!"

నవ్వాం. మళ్లీ అడిగాం. నది ఎక్కడ పుట్టింది, చేపలు రాత్రి ఏం చేస్తాయి, మొదటిసారి తెడ్డు పట్టినప్పుడు చేతులు బొబ్బలెక్కాయా? ఒకరి ప్రశ్న అయ్యేలోపే ఇంకొకరం అందుకునేవాళ్లం. ఎక్కడా సందు ఇవ్వలేదు. సందిస్తే సుత్తి పడుతుంది. ఆయన గుటకెడు నీళ్లు తాగుతూ, ఆగుతూ అన్నింటికీ జవాబు చెబుతున్నారు. గొంతు పొరలు పొరలుగా అరిగిపోవడం వినిపిస్తూనే ఉంది. డాక్టరు మాట్లాడొద్దన్నారు. నాకు భయం వేసి, "చాలు మావయ్యా, కాస్త విశ్రాంతి..." అన్నాను.

"మాట్లాడనివ్వమ్మా" అంది అత్తయ్య. "ఇంక దాచుకుని ఏం చేసుకుంటారు?"

అందరం గుమ్మం వైపు తిరిగాం. ఆవిడ ఒళ్లో గిన్నె పక్కన పెట్టి లేచి వచ్చింది. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గరికి రావడం అదే మొదలు. తలుపు అంచు పట్టుకుని నిలబడింది.

"నేనూ అడగొచ్చా?"

"అడుగు" అన్నారు ఆయన.

"ఆ పడవాయనకి భార్య ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

"అవతలి ఒడ్డున."

"ఆవిడకి ఏమైనా చెప్తాడా?"

ఆయన పాచికను గుప్పిట్లో బిగించి గుండీ వైపు చూశారు. మాట్లాడినప్పుడు అది పడవాయన గొంతో ఆయన గొంతో తేడా తెలియలేదు. రెండింటికీ మిగిలింది అంతే.

"రోజంతా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కేకలేసేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి నోరు తెరవాలంటే భయం, రేపటికి మిగలదేమోనని. ఆవిడ వడ్డించి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. నేను తల ఊపేవాణ్ణి." దగ్గొచ్చింది. అత్తయ్య నీళ్ల గ్లాసు అందించింది. తాగలేదు. "తల ఊపితే చెల్లదు కదా. అందుకని ఇప్పుడు నోటితో అంటున్నాను. సరిపోయింది. అన్ని రోజులూ సరిపోయింది."

ఆ తర్వాత ఏదో అనబోయారు. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, మాట రాలేదు. పాచికను మెల్లిగా బల్ల మీద పెట్టేశారు. ఏ అంకె పైకి ఉందో మేమెవరం చూడలేదు. వేయలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఆపరేషన్ జరిగింది. మెడ చుట్టూ కట్టు, ముక్కులోకి గొట్టం, పక్కన ఏదో యంత్రం గురగురమంటూ ఉంది. మేం చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన కళ్లు తెరిచే ఉన్నారు. నేను మంచానికి తగిలించిన చార్టు చదువుతున్నాను. ప్రెస్సు బాబాయ్ సంచిలోంచి ఒక పచ్చగడ్డి పరక తీసి దిండు పక్కన పెట్టాడు.

"రూలు ప్రకారం తెచ్చాను బావా. తినమని బలవంతం చెయ్యను."

మావయ్య కళ్లు నవ్వాయి. బాబాయ్ తువ్వాలు తడిపి పిండుకుని వచ్చి, మంచం కాళ్ల దగ్గర కూర్చుని బావగారి పాదాలు తుడవడం మొదలుపెట్టాడు. మడమల పగుళ్లలో ఏళ్లనాటి మార్కెట్ మట్టి ఉంది.

"డెక్కలు శుభ్రం చేయాలిగా" అన్నాడు తల ఎత్తకుండా. "అక్కా, ఇవి గుర్రానివి కావే, ఏనుగువి." అలా అంటూనే చేతి వెనకతో కళ్లు తుడుచుకున్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

తెల్లారేసరికి ఏదీ మచ్చ లేకుండా మానలేదు. గొంతుకు ఆనించి మాట్లాడే ఒక యంత్రం ఇచ్చారు. అందులోంచి కందిరీగ తిరిగినట్టు మాట వచ్చేది. ఆయన ఒకటి రెండు సార్లు ప్రయత్నించి డబ్బాలో పెట్టేశారు. రాసుకోవడానికి పలక తెచ్చిస్తే మందులు, నీళ్లు లాంటి అవసరాలకే వాడేవారు. కుదుటపడ్డాక ఒక ఉదయం మార్కెట్‌కి వెళ్లారట. చెక్కపెట్టె మీద ఇంకొకతను మైకు పెట్టుకుని పాడుతున్నాడట. పాతవాళ్లు లేచి కుర్చీ వేశారు. తూకం దగ్గర కూర్చోమన్నారు. కాసేపు కూర్చుని, వచ్చేటప్పుడు తన సుత్తి తెచ్చుకున్నారు. అత్తయ్య దాన్ని కిటికీలో పెట్టింది.

బల్ల మాత్రం అలాగే ఉంది. గుండీ అక్కడే, పాచిక అక్కడే. అత్తయ్య వాటి చుట్టూ దుమ్ము తుడిచేది.

మేం ముగ్గురం కూడబలుక్కుని ఒక ఆదివారం వెళ్లాం. "రూలు మారుద్దాం మావయ్యా" అన్నాను. "రాసినా చెల్లుతుందని పెట్టుకుందాం. అసలది పుస్తకంలో లేనే లేదు, మీరు పెట్టిందే కదా."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"మీరు ఊపింది చెల్లదు మావయ్యగారూ" అంది డ్రైవింగ్ అక్క, నవ్వించాలని.

ఆయన నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లిపోయారు. అక్క ముఖం పాలిపోయింది. "నా నోరు పడిపోనూ" అని, అన్న మాటేంటో తెలిసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

వానాకాలం వచ్చింది. జబ్బు తిరగబెట్టిందని డాక్టరు చెప్పారు. ఈసారి కోయడానికేమీ లేదు. ఆ మాట విన్న వారం ఆయనే బాబాయ్ చేతికి పలక ఇచ్చి పంపారు. దాని మీద 'ఆదివారం' అని మాత్రమే ఉంది.

వెళ్లేసరికి తన కుర్చీ ఖాళీగా వదిలి, దాని పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. పాచిక అరచేతిలో ఉంది. కుర్చీ వైపు చూపించి, గుమ్మం వైపు చూశారు.

"నన్నా?" అంది అత్తయ్య. "నాకేం వచ్చండీ ఈ ఆట?"

ఆయన అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన కుర్చీలో అంచున కూర్చుంది. పాచిక వేసే ముందు ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. ఎన్ని ఆదివారాలు విన్నదో, ఆవిడకు ఎవరూ నేర్పాల్సిన పని పడలేదు. గొంతు సవరించుకుంది.

"భూతం సుత్తి ఎత్తింది. పడవాయన నెత్తి మీదికి దించుతోంది." అని మా అందరి వంకా చూసి, ఆయన మార్కెట్‌లో లాగినట్టే లాగింది. "ఒకటోసారి... రెండోసారి..."

ఆగింది.

"ఉండండి. మాటకి సమయం పట్టదు కదా. ఆ భార్య కూడా ఒక మాట చెప్పుకోవచ్చా?"

"చెప్పక్కా" అన్నాడు బాబాయ్.

"ఆవిడ అవతలి ఒడ్డున కూర్చుని ఆయన కేకలన్నీ వినేది. వేరేవాళ్లని పిలిచిన కేకలే. అయినా వినేది. అదే చాలింది అని అబద్ధం చెప్పను." ఆవిడ గుండీ వైపే చూస్తూ చెబుతోంది. "చాల్లేదు. కానీ ఒక్క కేక కూడా పోనివ్వలేదు. అది చెప్పండి ఆయనకి."

మాలో ఎవరమూ ఇంకో ప్రశ్న అడగలేదు. అడిగితే సుత్తి ఇంకాసేపు ఆగేది. నాకు అడగాలనే ఉంది, నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. అలసిపోయిన మనిషి బరువు దించుకోవడానికి చోటు చూసుకుంటున్నట్టుంది.

"మూడోసారి" అంది అత్తయ్య.

ఆయన పాచిక వేశారు. అది దొర్లుకుంటూ వెళ్లి పిడి కన్నంలోంచి కింద పడింది. మా పాప కేరింతలు కొట్టింది. డ్రైవింగ్ అక్క పెద్దగా ఊపిరి వదిలింది. "వదిలేద్దాం మావయ్యగారూ. రూలుకి కూడా ఇష్టం లేదు, చూడండి."

కన్నంలో పడితే మళ్లీ వేయాలి. ఆయన మెల్లిగా వంగి, బల్ల కింద తడుముకుని పాచిక తీశారు. చొక్కాకి తుడిచి మళ్లీ వేశారు. ఈసారి అది అత్తయ్య ముందుకొచ్చి ఆగింది.

ఆవిడ వంగి చూసింది. "పదిహేడు. ఇది పెద్దదా, చిన్నదా?"

బాబాయ్ పాచిక వైపు చూసి తల దించుకున్నాడు.

"తమ్ముడూ, నిన్నే."

"పెద్దదే అక్కా" అన్నాడు బాబాయ్.

"అయితే?"

ఆ మాట కూడా ఎవరో ఒకరు పైకి అనాలి. అననిది జరగనట్టే. ఆవిడ మా ముఖాలు చూసింది, చివరికి ఆయన ముఖం చూసింది. అప్పుడు అర్థమైంది, అనాల్సింది తనేనని.

"అయితే పడవాయన పోయాడు" అంది.

మావయ్య గుండీ తీసి ఆవిడ అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు. తర్వాత పిడికిలి కణుపులతో ఆ పాత తలుపు మీద ఒక్కసారి కొట్టారు, పాట ముగిసిందని మార్కెట్‌లో కొట్టినట్టే. లోపల ఎవరో ఉన్నారనుకుందేమో, పాప పాకుతూ బల్ల కిందికి వెళ్లి తొంగి చూసింది.